ఏ ఫ్యాక్టరీ వదలని విషం

భూగర్భజలంలో ఆర్సెనిక్ గురించి ఎప్పుడు మాట్లాడినా అవతలివాళ్లు మొదట అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "ఏ ఫ్యాక్టరీ వదిలింది?" ఆ ప్రశ్నలో కోపం ఉంటుంది, ఆ కోపం న్యాయమైనదే. ఎక్కడో ఒక గొట్టం, దాని వెనక ఒక యజమాని, ఆయన మీద ఒక కేసు. విషం అనగానే మనకు తోచే కథ ఇదే. కానీ గంగా, బ్రహ్మపుత్ర, మేఘనా నదులు కలిసే డెల్టాలో జరిగినదానికి ఈ కథ అతకదు. అక్కడ కోట్లమంది తాగిన ఆర్సెనిక్‌ను ఎవరూ తెచ్చి పారబోయలేదు. అది హిమాలయాల రాళ్లు అరిగి, నదుల్లో కొట్టుకొచ్చి, వేల ఏళ్లుగా ఆ మట్టిలోనే పడి ఉంది.

ఇంకా వింతైన సంగతి ఏమిటంటే ఆ మట్టిలో ఆర్సెనిక్ పెద్దగా లేదు కూడా. కిలో ఒండ్రులో కొద్ది మిల్లీగ్రాములు, అంతే. మామూలు నేలల్లో ఎక్కడ చూసినా ఇంచుమించు అంతే దొరుకుతుంది. అయినా ఆ కాస్తే చాలు. ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడండి. ఇసుక పొరలో నాలుగో వంతు ఖాళీ ఉందని, ఆ ఖాళీ అంతా నీరేనని అనుకుందాం. అప్పుడు ఒక లీటరు నీటి చుట్టూ మూడు లీటర్ల ఇసుక రేణువులు, అంటే సుమారు 8 కిలోల ఇసుక ఉంటుంది. కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున అందులో 40 మిల్లీగ్రాముల ఆర్సెనిక్. దానిలో నూటికి ఒక్క వంతు నీళ్లలోకి దిగినా లీటరుకు 400 మైక్రోగ్రాములు అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. బంగ్లాదేశ్ ప్రమాణం 50. అంటే 99 వంతులు మట్టిని పట్టుకుని కదలకుండా ఉన్నా, జారిపోయిన ఆ ఒక్క వంతే పరిమితికి నలభై రెట్లు.

అందుకే నేల కింద ఆర్సెనిక్ ఎంత ఉందని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. అది ఎందుకు కదిలింది, దాన్ని కదిలించింది ఎవరు అని అడగాలి. ఇది ల్యాబ్‌లో కూర్చునేవాళ్లకు మాత్రమే కావలసిన ప్రశ్న అని నేను అనుకోను. దీనికి జవాబు తెలియకుండా తవ్విన బావులున్నాయి, పెట్టిన ఫిల్టర్లున్నాయి, జనానికి చెప్పిన ఓదార్పు మాటలున్నాయి. వాటిలో కొన్ని మనుషుల ప్రాణాలు తీశాయి.

1970లలో బంగ్లాదేశ్‌లో పసిపిల్లలు విరేచనాలతో, కలరాతో చనిపోతుంటే, చెరువు నీళ్లు మాన్పించడానికి ప్రభుత్వమూ యునిసెఫూ కలిసి గొట్టపు బావులు వేయించాయి. తర్వాత జనమే సొంత డబ్బుతో లక్షల సంఖ్యలో వేయించుకున్నారు. నేలలోకి దిగిన సన్నటి గొట్టం, పైన చేతిపంపు, ఇంటి ముందే నీళ్లు. రోగక్రిముల మాటకొస్తే ఆ నీళ్లు నిజంగానే చెరువు నీళ్లకంటే ఎన్నో రెట్లు నయం. వాటిని ఆర్సెనిక్ కోసం మాత్రం ఎవరూ పరీక్షించలేదు. సరిహద్దుకు ఇవతల, 1980ల మొదట్లోనే, కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవైద్యుడు క్షితీశ్ చంద్ర సాహా దగ్గరకు పశ్చిమ బెంగాల్ పల్లెల నుంచి రోగులు రావడం మొదలైంది. ఒంటిమీద నల్లటి, తెల్లటి మచ్చలు, గట్టిపడి బుడిపెలు లేచిన అరచేతులు, అరికాళ్లు. అవి ఆర్సెనిక్ లక్షణాలని ఆయన గుర్తుపట్టారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం నుంచి దీపాంకర్ చక్రవర్తి 1988 మొదలు ఊరూరా తిరిగి నీళ్లు, గోళ్లు, వెంట్రుకలు పరీక్షిస్తూ కనబడిన ప్రతివారికీ మొత్తుకున్నారు. బంగ్లాదేశ్‌లో 1993లో చాంపాయ్ నవాబ్‌గంజ్ ప్రాంతపు బావుల్లో బయటపడింది. 2000లో ఆలన్ స్మిత్, ఆయన సహచరులు ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో రాస్తూ, బంగ్లాదేశ్‌లో 3.5 కోట్ల నుంచి 7.7 కోట్లమందికి ఈ ముప్పు ఉందని, ఒక జనాభా మొత్తం ఇంత పెద్ద ఎత్తున విషం పాలవడం చరిత్రలో ఇంతకుముందు లేదని అన్నారు.

1998, 1999లలో బ్రిటిష్ జియలాజికల్ సర్వే, బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ కలిసి 3,534 బావుల్ని పరీక్షించాయి. 150 మీటర్లకంటే లోతు తక్కువున్న బావుల్లో నూటికి 27 చోట్ల ఆర్సెనిక్ 50 మైక్రోగ్రాములు దాటింది, నూటికి 46 చోట్ల 10 దాటింది. అంతకంటే లోతైనవాటిలో 50 దాటినవి నూటికి ఒకటి మాత్రమే. ఈ అంకెలకంటే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసే విషయం ఇంకొకటుంది. ఒక ఇంటి బావిలో ఆర్సెనిక్ వందల్లో ఉంటే, గోడ అవతల ఇంటి బావిలో దాదాపు లేనట్టే ఉంటుంది. మట్టి ఒకటే, నది ఒకటే, ఊరు ఒకటే. మరి తేడా ఎక్కడిది?

మొదట్లో చాలామందిని ఒప్పించిన జవాబు ఒకటుంది. సాగు కోసం బోర్లతో విపరీతంగా నీళ్లు తోడారు, నీటిమట్టం పడిపోయింది, ఖాళీ అయిన పొరలోకి గాలి చొరబడింది, ఆ గాలిలోని ఆక్సిజన్ పైరైట్ అనే ఇనుము-గంధకం ఖనిజాన్ని ఛేదించింది, దానిలో ఇరుక్కున్న ఆర్సెనిక్ బయటపడింది. 1990ల నడుమ ఈ వాదనకు మంచి బలం ఉండేది. వినడానికి బాగుంది, తప్పెవరిదో కూడా చూపిస్తుంది. కానీ నీళ్లే దీనికి ఎదురు సాక్ష్యం చెప్పాయి. పైరైట్ ఆక్సిజన్‌తో విడిపోతే సల్ఫేటు పుట్టి తీరాలి. ఆర్సెనిక్ ఎక్కువున్న బావుల్లో సల్ఫేటు దాదాపు లేదు. వాటిలో ఉన్నవి వేరు: కరిగిన ఇనుము, బైకార్బొనేటు, అమోనియం, కొన్నిచోట్ల మీథేన్ కూడా. ఇవన్నీ గాలి ఆడని చోట, ఏదో కుళ్లుతున్న చోట పుట్టేవి. గాలి చొరబడిన పొరలో మీథేన్ నిలవదు.

1997, 1998 నాటికి ఇంకో వివరణ నిలదొక్కుకుంది. అది మొదటిదానికి పూర్తిగా తిరగబడ్డ కథ. ఇక్కడ ఆర్సెనిక్‌ను విడిపించింది ఆక్సిజన్ రావడం కాదు, ఆక్సిజన్ అయిపోవడం.

ఆ కథ చెప్పాలంటే ఇసుక రేణువు దగ్గరకు వెళ్లాలి. నది మోసుకొచ్చిన ప్రతి రేణువు మీదా పలుచటి తుప్పు పూత ఉంటుంది, ఇనుప ఆక్సైడు. ఈ తుప్పుకు ఆర్సెనిక్ అంటే విపరీతమైన ఆకర్షణ. ఆక్సిజన్ ఉన్నంతసేపూ ఆర్సెనిక్ ఆర్సెనేట్ రూపంలో, ఋణావేశంతో ఉంటుంది కనుక తుప్పును గట్టిగా పట్టుకుని ఉంటుంది. నీళ్లు ఎన్నేళ్లు పారినా వదలదు. అయితే గోడ పెచ్చులూడితే దానిమీది రంగు కూడా రాలిపోతుంది కదా, అలాగే ఆ తుప్పే కరిగిపోతే ఆర్సెనిక్‌కు పట్టు దొరకదు. మరి తుప్పు తటస్థమైన నీటిలో దానంతటది కరగదు. తుప్పులోని ఇనుము మూడు ఆవేశాల రూపంలో ఉంటుంది, ఆ రూపం నీటిలో కరిగేది చాలా చాలా తక్కువ. దానికి ఎవరో ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి రెండు ఆవేశాల రూపంలోకి దించాలి. అప్పుడు హాయిగా కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్ ఇచ్చేది బ్యాక్టీరియా.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ సంగతి మొదటిసారి అర్థమైనప్పుడు నాకు కలిగిన విస్మయం ఇప్పటికీ తగ్గలేదు. మనం అన్నం తింటాం, అందులోని ఎలక్ట్రాన్లను ఒక వరుసలో కిందికి జార్చుకుంటూ శక్తి రాబట్టుకుంటాం, చివరికి ఆ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ చేతిలో పెడతాం. ఊపిరి అంటే అంతే, ఎలక్ట్రాన్లను అప్పగించడానికి ఒకరు కావాలి. ఆక్సిజన్ లేని పొరలో బతికే జీవులు ఇంకొకర్ని వెతుక్కుంటాయి. మొదట నైట్రేటు, అది అయిపోతే మాంగనీస్, తర్వాత ఇనుము, ఆ తర్వాత సల్ఫేటు, చివరికి కార్బన్ డయాక్సైడే గతి. ఎక్కువ శక్తి ఇచ్చేది ముందు ఖర్చవుతుంది, తక్కువది తర్వాత. జియోబాక్టర్ జాతి బ్యాక్టీరియా ఇనుముతో ఊపిరి తీసుకునేవాటిలో బాగా పేరున్నవి. నైట్రేటు, ఆక్సిజన్ నీళ్లలో కరిగి ఉంటాయి కనుక కణం లోపలికి వస్తాయి. తుప్పు రాదు, అది ఘనపదార్థం. అందుకని ఈ జీవులు ఎలక్ట్రాన్లను తమ పొర దాటించి బయటికి, నేరుగా ఖనిజం మీదికి పంపుతాయి. ఒంటి బయట ఉన్న రాతితో ఊపిరి తీయడమంటే ఇదే.

వీటికి తిండి పెద్దగా అక్కర్లేదు. పిండిపదార్థం లాంటి సేంద్రియ పదార్థంలోని ఒక్క కార్బన్ పరమాణువు నాలుగు ఎలక్ట్రాన్లు ఇవ్వగలదు, ఒక్కో ఇనుప పరమాణువుకు ఒక్క ఎలక్ట్రాన్ చాలు. అంటే ఒక కార్బన్‌కు నాలుగు ఇనుములు కరుగుతాయి. పొరలో కాస్త కుళ్లిన ఆకు ఉన్నా చాలినంత తుప్పు పోతుంది.

ఇది ఊహగా మిగిలిపోకుండా చూపించినది మాంచెస్టర్‌లో జొనాథన్ లాయిడ్ బృందం. ఫర్హానా ఇస్లాం మొదటి రచయితగా 2004లో నేచర్‌లో వచ్చిన ఆ పరిశోధనలో పశ్చిమ బెంగాల్ మట్టినే తీసుకున్నారు. దాన్ని గాలి తగలకుండా సీసాల్లో ఉంచి చూశారు. బ్యాక్టీరియాకు తిండిగా అసిటేట్ వేసిన సీసాల్లో ఆర్సెనిక్ విడుదల బాగా పెరిగింది. అందులో గమనించాల్సిన చిన్న విషయం ఒకటుంది. ఇనుము ముందు కరిగింది, ఆర్సెనిక్ వెంటనే రాలేదు, తర్వాత వచ్చింది. పైపూత కరగడం ఒక్కటే కారణమైతే రెండూ ఒకేసారి రావాలి కదా. ఊడిన ఆర్సెనిక్ పక్కనే మిగిలిన ఖనిజాల మీద మళ్లీ మళ్లీ అతుక్కుంటూ ఉండి ఉండాలి, ఆ చోట్లు నిండాకో, ఆర్సెనేట్ కాస్తా ఆర్సెనైట్ అనే ఇంకో రూపంలోకి మారాకో నీళ్లలో నిలిచిపోయి ఉండాలి.

ఆర్సెనైట్‌గా మార్చే పని కూడా బ్యాక్టీరియాదే, అందుకు వాటికి రెండు వేరు వేరు కారణాలున్నాయి. కొన్ని ఆత్మరక్షణకు చేస్తాయి: లోపలికి చొరబడిన ఆర్సెనేట్‌ను మార్చి, ప్రత్యేకమైన పంపుతో బయటికి తోసేస్తాయి. మరికొన్ని ఆర్సెనేట్‌తోనే ఊపిరి తీస్తాయి, మనకు విషమైనదే వాటికి ఆక్సిజన్‌కు బదులు. అలాంటి మొదటి బ్యాక్టీరియాను 1994లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, ఆర్సెనిక్‌తో కలుషితమైన ఒక నదీ బురదలో పట్టుకున్నారు. ఏ కారణంతో మారినా మనకు జరిగేది ఒకటే. ఆర్సెనైట్‌కు మామూలు నీటిలో ఆవేశం ఉండదు. చాలా ఖనిజాలు దాన్ని అంత గట్టిగా పట్టుకోవు, ఫిల్టర్లూ సులభంగా పట్టుకోలేవు. ఒంట్లోకి చేరాక అది ప్రొటీన్లలోని గంధకాన్ని పట్టుకుని ఎంజైములను పనికిరాకుండా చేస్తుంది. ఆర్సెనేట్ పద్ధతి వేరు, అది ఫాస్ఫేటును పోలి ఉండి కణాన్ని మోసం చేస్తుంది.

ఫాస్ఫేటు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సేంద్రియ పదార్థం కుళ్లితే ఫాస్ఫేటు, బైకార్బొనేటు కూడా పుడతాయి, అవి తుప్పు మీద ఆర్సెనిక్ కూర్చునే చోట్లనే ఆక్రమిస్తాయి. అంటే ఒకే కుళ్లు మూడు వైపుల నుంచి పని చేస్తుంది: తుప్పును కరిగిస్తుంది, ఆర్సెనిక్ రూపం మారుస్తుంది, మిగిలిన చోటు నుంచి గెంటేస్తుంది.

ఇప్పుడు పక్కపక్క బావుల తేడాకు జవాబు దొరుకుతుంది. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పటి నేల చాలాకాలం గాలికి, ఎండకు ఉండి, పాత మొక్కల అవశేషాలు చాలావరకు ఆక్సిజన్‌కు ఖర్చైపోయి, తుప్పు గట్టిపడి నారింజ, గోధుమ రంగు ఇసుకగా మిగిలింది. సముద్రం మళ్లీ పైకొచ్చాక ఆ నేలమీద కొత్త ఒండ్రు పడింది, బురదతో, పీట్ అనే సగం కుళ్లిన మొక్కల నేలలతో, ఆకు అలములతో. ఆ కొత్త పొరల్లోనే బ్యాక్టీరియాకు తిండి ఉంది. అక్కడ ఇసుక బూడిద రంగు, ఎందుకంటే తుప్పు పోయింది. బూడిద రంగు ఇసుకలోంచి తోడిన నీళ్లలో ఆర్సెనిక్ ఎక్కువ, గోధుమ రంగు ఇసుకలో తక్కువ. బావులు దించే పనివాళ్లు ఇసుక రంగును చూసి పొర మారిందని చెప్పగలరు, చాంద్‌పూర్ జిల్లా మత్లబ్‌లో పరిశోధకులు ఆ జ్ఞానాన్నే పరీక్షించి చాలావరకు నిజమేనని తేల్చారు. చేతిలోకి వచ్చిన గుప్పెడు తడి ఇసుక వేల ఏళ్ల చరిత్ర చెబుతుంది. పైపొరల్లో పాత నదీ కాలువలు, బురద గుంటలు ఎక్కడున్నాయో అక్కడ ఒకటి, పక్కనే లేనిచోట ఇంకొకటి. అందుకే జిల్లా మ్యాపు చూసి నా బావి మంచిదని నమ్మడం ప్రమాదం. మ్యాపు మీద రంగు సగటు, మనం తాగేది సగటును కాదు.

తిండి ఎక్కడి నుంచి వస్తోందన్నదానిమీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ గట్టిగా వాదించుకుంటున్నారు. పొరలో పూడిన పీట్ అని కొందరు, కొత్తగా పైనుంచి ఇంకే కార్బన్ అని కొందరు. 2002లో ఛార్లెస్ హార్వీ బృందం మున్షీగంజ్‌లో చేసిన పని సాగుబోర్లు నీటి ప్రవాహాన్నే మార్చి కొత్త కార్బన్‌ను కిందికి లాగుతున్నాయని సూచించింది. 2010లో అదే ప్రాంతంలో, చెరువుల్లోంచి ఇంకిన నీళ్లలో ఆర్సెనిక్ ఎక్కువగా, వరిమళ్లలోంచి ఇంకిన నీళ్లలో తక్కువగా ఉందని తేలింది. ఆ చెరువులు దేవుడు తవ్వినవి కావు, వరదల నుంచి ఇళ్లను ఎత్తులో కట్టుకోవడానికి మట్టి తవ్వగా మిగిలిన గుంతలు. చెరువుల పాత్ర అంత లేదని వాదించేవాళ్లూ ఉన్నారు. ప్రతి చోటుకూ ఒకటే జవాబు ఉంటుందని నేను అనుకోవడం లేదు. కాంబోడియాలో మెకాంగ్ పరీవాహకంలో పైపొర బురదలోనే ఆర్సెనిక్ విడుదలై కిందికి దిగుతోందని 2008లో చూపించారు, అక్కడ పెద్ద ఎత్తున బోర్లు లేవు.

ఇక్కడే నాకు కోపం తెప్పించే ఒక మాట గురించి చెప్పాలి. "ఇది ప్రకృతి సహజం" అంటారు. రసాయన శాస్త్రంగా చూస్తే నిజం. కానీ ఆ మాట చెప్పి చేతులు దులుపుకోవడం చూస్తే భరించలేను. బ్యాక్టీరియా వేల ఏళ్లుగా ఆర్సెనిక్‌ను వదులుతూనే ఉంది, ఎవరూ చావలేదు, ఎందుకంటే ఆ లోతు నీళ్లు ఎవరూ తాగలేదు. పొరకూ గ్లాసుకూ మధ్య గొట్టం వేసింది మనుషులు. పరీక్షించకుండా వేసింది మనుషులు. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే బంగ్లాదేశ్‌లో కొన్ని బావుల నీళ్లను పరీక్షించినప్పుడు చాలా మూలకాలు కొలిచింది, ఆర్సెనిక్‌ను కొలవలేదు. ఒక బంగ్లాదేశ్ గ్రామస్థుడు దానిమీద ఇంగ్లండ్‌లో కేసు వేశాడు. ఆ సంస్థకూ ఆయనకూ మధ్య చట్టం గుర్తించేంత దగ్గరి సంబంధం లేదని 2006లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. చట్టం మాట నాకు తెలియదు గానీ, నీళ్లు తాగమని చెప్పేవాళ్లు ఆ నీళ్లలో ఏముందో చూసి చెప్పాలన్నది చట్టం రాకముందు నుంచీ ఉన్న బాధ్యత.

చూడటం కష్టం కూడా కాదు. ఊళ్లో వాడే కిట్ సూత్రం పందొమ్మిదో శతాబ్దం నాటిది. సీసాలో నీళ్లు పోసి, ఆమ్లం, జింకు పొడి వేస్తారు. బుడగలు లేస్తాయి. నీళ్లలో ఆర్సెనిక్ ఉంటే అది ఆర్సీన్ వాయువుగా మారి పైకి వస్తుంది. మూతలో మెర్క్యురిక్ బ్రోమైడ్ పూసిన చిన్న కాగితం ముక్క ఉంటుంది. తెల్లటి కాగితం మెల్లగా లేత పసుపు, ముదురు పసుపు, ఆఖరికి గోధుమ రంగుకు తిరుగుతుంది. పక్కన రంగుల పట్టీ పెట్టుకుని పోల్చుకోవాలి. నీళ్లలో గంధకపు వాయువు ఉంటే అదీ కాగితాన్ని నల్లబరుస్తుంది కనుక ముందే దాన్ని పోగొట్టే పొడి కలపాలి. తక్కువ మోతాదుల దగ్గర రెండు పసుపు ఛాయల మధ్య కన్ను తడబడుతుంది, అందుకే అనుమానం ఉన్నవి ల్యాబ్‌కు వెళ్లాలి. అయినా లీటరుకు 300 ఉన్న బావిని ఈ కిట్ తప్పిపోనివ్వదు. 1999 తర్వాత కొన్నేళ్లలో బంగ్లాదేశ్‌లో ఇలాగే సుమారు 50 లక్షల బావుల్ని పరీక్షించి, 50 దాటినవాటికి ఎరుపు, దాటనివాటికి ఆకుపచ్చ రంగు పంపు మూతికి వేశారు. దాదాపు 14 లక్షలకు ఎరుపు పడింది. చాలామంది నడిచి వెళ్లి పచ్చ బావి నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇంత చవకగా ఇంతమందికి మేలు చేసిన పని ఈ మొత్తం వ్యవహారంలో ఇంకోటి లేదని నా నమ్మకం. తర్వాత ఆ రంగులు వెలిసిపోయాయి, కొత్త బావులు లక్షల్లో వచ్చాయి, వాటికి రంగే లేదు. పరీక్ష ఒకసారి చేసి ముగించే కార్యక్రమం కాదు. పొర కింద జీవులు ఊపిరి ఆపవు కదా.

అలాగని బెంగాల్ పాఠాన్ని ప్రపంచమంతటా అప్పజెప్పినా తప్పే. అర్జెంటీనా మైదానాల్లో అగ్నిపర్వతపు బూడిద ఉన్న పొరల్లో ఆక్సిజన్ బాగానే ఉంది, క్షారత ఎక్కువ. అక్కడ తుప్పు కరగదు, క్షారతకు ఆర్సెనేట్ పట్టు సడలుతుంది. ఫ్లోరిడాలో మంచినీటిని సున్నపురాతి పొరల్లోకి ఎక్కించి దాచుకునే బావుల్లో, ఎక్కించిన నీటిలోని ఆక్సిజనే పైరైట్‌ను ఛేదించి ఆర్సెనిక్‌ను విడిపించింది. బెంగాల్‌లో తప్పని తేలిన పాత సిద్ధాంతం అక్కడ అక్షరాలా నిజమైంది. ఒకచోట ఆక్సిజన్ మందు, ఇంకోచోట అదే కారణం. అందువల్ల "గాలి ఎక్కిస్తే పోతుంది" అని అమ్మేవాళ్లను ముందు మీ నీళ్లలో సల్ఫేటు ఎంత, ఇనుము ఎంత అని అడగాలి.

బెంగాల్ లాంటి నీళ్లకు మాత్రం గాలి నిజంగానే పని చేస్తుంది, కొంతవరకు. పంపు కొట్టగానే వచ్చే నీళ్లు తేటగా ఉంటాయి. బిందెలో కాసేపు ఉంచితే మీద పల్చగా తెట్టు, అడుగున ఎర్రటి మడ్డి. అది కరిగిన ఇనుము గాలి తగిలి మళ్లీ తుప్పుగా మారడం, ఆ తుప్పు ఆర్సెనిక్‌ను తిరిగి పట్టుకుని కిందికి దిగడం. వియత్నాంలో ఎర్రనది డెల్టా ఇళ్లల్లో మామూలు ఇసుక తొట్టెలు ఈ సూత్రంతోనే సగటున నూటికి 80 వంతుల ఆర్సెనిక్ తీసేస్తున్నాయి, అక్కడి నీళ్లలో ఇనుము బాగా ఉండబట్టి. ఇనుము తక్కువై ఫాస్ఫేటు ఎక్కువున్న చోట అదే తొట్టె సరిగా పనిచేయదు. నీళ్లు కాచడం వల్ల మాత్రం ప్రయోజనం లేదు, ఆవిరి పోయి ఆర్సెనిక్ ఇంకా చిక్కబడుతుంది.

ఇక ఆ ఎర్రటి మడ్డిని ఏం చేస్తున్నారు? ఈ ప్రశ్న అడగని పథకాలు నేను చాలా చదివాను. ఫిల్టరు కడిగిన మడ్డిని పక్క గుంటలోనో చెరువు గట్టునో పారబోస్తారు. కొన్నిచోట్ల పేడతో కలిపి గోతిలో వేయమని సలహా కూడా ఇచ్చారు, ఆర్సెనిక్ వాయువై ఎగిరిపోతుందని. ఒకసారి పైన చెప్పినదంతా గుర్తు తెచ్చుకోండి. ఆర్సెనిక్ పట్టుకున్న తుప్పు, దానికి తోడు కుళ్లే సేంద్రియ పదార్థం, గాలి ఆడని తడి బురద. వేల ఏళ్లు పట్టిన ప్రక్రియను మనమే సామాను సమకూర్చి గోతిలో మొదలుపెడుతున్నాం. మడ్డి పొడిగా, గాలి తగిలేలా, సేంద్రియ చెత్తకు దూరంగా ఉండాలి. సిమెంటులో కలిపి బిగించడం మేలు. ఫిల్టరు ఖర్చులో ఈ పని ఖర్చు కలపని ఏ పథకాన్నీ నేను ఫిల్టరు పథకంగా ఒప్పుకోను.

వరిమడి కూడా అలాంటి గోతే, పైన పంట ఉందంతే. నీళ్లు నిలిపిన మడిలో ఆక్సిజన్ కొద్ది రోజుల్లో అయిపోతుంది, తుప్పు కరుగుతుంది, ఆర్సెనైట్ పుడుతుంది. వరి వేరు సిలికా కోసం తెరిచిన దారిలోంచి ఆర్సెనైట్ లోపలికి పోతుందని 2008లో తేలింది. మడిని మధ్యమధ్య ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గుతుంది, కానీ కాడ్మియం అనే ఇంకో విషలోహం పెరగవచ్చు. ఆరబెట్టమని రైతుకు చెప్పేవాళ్లు ఈ రెండో సగం కూడా చెప్పాలి.

చివరగా లోతు బావులు. నూటికి ఒకటే చెడ్డదని చూశాం కదా, కాబట్టి అందరూ లోతుకు పోతే సరిపోతుందా? తాగడానికైతే చాలాచోట్ల సరిపోతుంది, అది చేయాలి కూడా. అయితే ఆ లోతులో కూడా తుప్పు పూత ఉందనీ, అది నిలబడి ఉన్నది తిండి అందకపోవడం వల్లేననీ గుర్తుంచుకోవాలి. హనోయి నగరం దశాబ్దాలుగా తోడిన తోడుకు, పక్కనున్న వాన్ ఫుక్ గ్రామంలో మంచి పాత ఇసుక పొరలోకి చెడ్డ పొర నీళ్లు జరుగుతూ వచ్చాయి. నీళ్లకంటే ఆర్సెనిక్ 16 నుంచి 20 రెట్లు నెమ్మదిగా కదిలిందని 2013లో అలెగ్జాండర్ వాన్ గీన్ బృందం లెక్క కట్టింది, ఎందుకంటే గోధుమ రంగు ఇసుక దాన్ని దారి పొడుగునా పట్టుకుంటూనే ఉంది. ఆ నెమ్మది మనకు దొరికిన గడువు. లోతు పొరలోంచి తాగడానికి చేతిపంపుతో తోడే బిందెలు ఆ గడువును పెద్దగా తినెయ్యవు. సాగుకు మోటార్లు పెట్టి ఎకరాల కొద్దీ పారిస్తే తినేస్తాయి. కాబట్టి నా వాదన సూటిగా ఇది: ఆర్సెనిక్ ఉన్న డెల్టాల్లో లోతు పొర తాగునీటికి మాత్రమే, సాగుబోర్లకు ఆ లోతులో అనుమతి ఉండకూడదు, లోతు బావినైనా సరే ఏటా ఒకసారి పరీక్షించి ఫలితం పంపు మీదే రాయాలి.